అద్దె ఇంటి తాళంచెవులు ఎన్ని?

(అంతర్వేదిలో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మాకు పిల్లల చదువు గురించి మాట్లాడే పని అప్పగిస్తారు. ఈసారి కార్యదర్శి గారు ఇంటికొచ్చి, "మాస్టారూ, మనవాళ్లలో చాలామంది ఇప్పుడు అద్దె ఇళ్లల్లో ఉంటున్నారు. పండక్కి తాళాలేసి ఇక్కడికొస్తున్నారు. దొంగల భయం గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. మా సంగతి తెలిసే ఆయన అలా అడిగారు. మీలో చాలామందికి తెలియదు. ఇన్నేళ్లూ చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాం. ఈ రోజు చెప్పేస్తాం.

మా చిన్నప్పుడు అంతర్వేదిలో తాళం అన్నది పెట్టెకు వేసేది, ఇంటికి వేసేది కాదు. అరుగు మీద ఎవరో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె ఉంటే చాలు. ఇప్పుడు అరుగులూ పోయాయి, అరుగు మీద కూర్చునేవాళ్లూ పోయారు. సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు ఎటు వెళ్లినా వీధికి రెండు మూడు తాళం వేసిన ఇళ్లు కనిపిస్తాయి. మనిషి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, పిల్లలు చదువులకని అమలాపురంలోనో రాజమండ్రిలోనో హైదరాబాదులోనో అద్దె ఫ్లాటులో ఉంటారు. అంటే ఒక్క కుటుంబానికి రెండు తాళాలు. ఇక్కడ సొంతింటికి ఒకటి, అక్కడ అద్దె ఇంటికి ఒకటి. మాఘమాసంలో భీష్మ ఏకాదశి తీర్థానికి ఊరు కిటకిటలాడేటప్పుడు ఇక్కడి తాళం గురించి అందరం జాగ్రత్త పడతాం, కొత్త మొహాలు వస్తాయని. అద్దె ఇంటి తాళం గురించి మాత్రం ఎవరం ఆలోచించం. అది మనది కాదు కదా, ఓనరుది అనుకుంటాం.

మేమూ అలాగే అనుకున్నాం. పిల్లల ఇంటర్ చదువు కోసం కొన్నేళ్ల క్రితం అమలాపురంలో ఫ్లాటు వెతికాం. నచ్చిన ఇల్లు చూసి, అడ్వాన్సు మాట్లాడి, పేరు చెప్పాక, "అయ్యో, నిన్ననే వేరేవాళ్లకి మాటిచ్చేశామండి" అన్న జవాబు మూడు చోట్ల విన్నాం. నాలుగో చోట ఇల్లు దొరికింది. రెండో అంతస్తు, గాలి వెలుతురు ఉన్న ఇల్లు. ఓనరు గారు తలుపుకున్న తాళానికి రెండు తాళంచెవులు చేతిలో పెట్టి, "మూడోది పాతవాళ్లు ఇవ్వలేదండి, ఎక్కడో పారేసుకున్నారంట" అన్నారు. తాళం మార్పించమని అడగాలని ఇద్దరికీ అనిపించింది. ఇద్దరం నోరు మెదపలేదు. ఇల్లు దొరకడమే గొప్ప, వచ్చిన మొదటి రోజే పేచీ పెట్టారు అనుకుంటారేమోనని. ఆ మొహమాటం మాకు ఎంత ఖరీదు పడిందో వినండి.

మన ఊరి చెల్లెలు ఒకామె కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, కూతురి పెళ్లికని దాచుకున్న ఏడు కాసుల బంగారం గుడ్డలో మూటకట్టి తెచ్చి, "ఆపా, మీ ఇంట్లో ఉంటే నాకు బ్యాంకులో ఉన్నట్టే" అని మా ఇంటావిడ చేతిలో పెట్టింది. అది అమానత్. బీరువాలో చీరల కింద పెట్టాం. లాకరు తీసుకుందాం అని రెండుసార్లు అనుకున్నాం, అనుకోవడంతోనే సరిపోయింది.

ఆ ఏడు రంజాన్ పండక్కి మూడు రోజులు ఇక్కడికి వచ్చాం. తిరిగి వెళ్లేసరికి తలుపు చక్కగా వేసి ఉంది. తాళం పగలలేదు. గొళ్లెం వంగలేదు. లోపల బీరువా మాత్రం తెరిచి ఉంది. ఏడు కాసులూ పోయాయి, వాటితోపాటు మా ఇంటావిడ గాజులూ పోయాయి.

ఎదుటి ఫ్లాటు పిన్నిగారు వచ్చి, మొహం పాలిపోయి చెప్పారు. "మొన్న మధ్యాహ్నం ఒకతను తాళం తీసుకుని లోపలికెళ్లాడండి. తాళంచెవితోనే తీశాడు. మీ తమ్ముడు గారేమో అనుకున్నాను. పండక్కొచ్చారనుకున్నాను."

ఆవిడను ఏమనగలం? మేం ఊరెళ్తున్నామని బంధువులందరికీ ఫోనులో చెప్పాం. సామాన్లు సర్దుతున్న ఫొటో పిల్లలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. అయిదడుగుల దూరంలో ఎదురుగా ఉన్న గుమ్మంలో మనిషికి మాత్రం చెప్పలేదు. మా ఇంటికి ఎవరొస్తారో, ఎవరు రారో ఆవిడకు తెలిసే వీలే ఇవ్వలేదు.

ఇంకో తప్పు కూడా చేశాం, దాన్ని దాచం. మా మొదటి అనుమానం పనమ్మాయి మీదికి పోయింది. పోలీసులు ఎవరెవరు ఇంట్లోకి వస్తారని అడిగితే ఆమె పేరే ముందు చెప్పాం. పాపం, రెండు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగింది. ఆమెకు మేం ఎప్పుడూ తాళంచెవి ఇచ్చింది లేదు. ఆ మాట మాకు ఆ రోజు గుర్తు రాలేదు. సూరె హుజురాత్‌లో అనుమానాలకు దూరంగా ఉండమన్న ఆజ్ఞ మనందరికీ తెలుసు, పిల్లలకు కూడా నేర్పుతాం. ఆమె మళ్లీ మా ఇంటి మెట్లెక్కలేదు. ఆ మూడో తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో ఈ రోజుకీ తెలియదు. కనుక ఎవరి మీదా నింద వేయం.

కువైట్ చెల్లెలికి ఫోను చేసే ముందు ఒక పెద్ద ఆలిం దగ్గరకు వెళ్లాం. అమానత్ సొమ్ము కాపాడేవాడి తప్పు లేకుండా పోతే అతడు కట్టివ్వనక్కరలేదన్న ధర్మం విని ఉన్నాం. మనసులో ఆ ఆశతోనే వెళ్లామని ఒప్పుకోవాలి. ఆయన అంతా విని ఒక్క ప్రశ్న వేశారు. "తాళంచెవి ఒకటి తక్కువని మీకు ముందే తెలుసా?" తెలుసన్నాం. "మరి నన్నెందుకు అడుగుతున్నారు?" అన్నారు. ఇక మాట్లాడలేదు. చెల్లెలు ఫోనులో చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మీరేం చేస్తారులే ఆపా" అంది. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. రెండున్నరేళ్లలో కాసు కాసు చొప్పున కొని ఏడు కాసులూ ఆమెకు అప్పజెప్పాం. ఆమె కూతురి పెళ్లి మాత్రం ఏడాది వాయిదా పడింది.

హిజ్రత్ రాత్రి ఎలా గడిచిందో మనం పిల్లలకు కథగా చెబుతుంటాం. ప్రాణాల మీదికి వచ్చిన ఆ రాత్రి కూడా ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తన దగ్గర దాచుకున్నవారి సొమ్ములు తిరిగి ఇవ్వడానికి హజ్రత్ అలీ గారిని మక్కాలో ఉంచి వెళ్లారు. సొమ్ము దాచుకున్నవారు ఎవరు? ఆయన్ని ఊళ్లోంచి తరిమిన ఊరివాళ్లే. చీకటి పడ్డాక అల్లాహ్ పేరు తలచుకుని తలుపులు వేసుకోమని, గిన్నెల మీద మూతలు పెట్టమని, దీపాలు ఆర్పమని చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్న మాట తిర్మిజీలో ఉంది. మేం కట్టని ఒంటెకు దువా చేశాం.

సరే, ఇక పనిలోకి వద్దాం. అద్దె ఇంట్లో దిగిన రోజే చేయవలసిన పని తాళం మార్చడం. తలుపు మార్చనక్కరలేదు, పూర్తి తాళం కూడా మార్చనక్కరలేదు. ఈ రోజుల్లో ఫ్లాటు తలుపులకు ఉండే తాళాల్లో చాలావాటికి మధ్యలో సిలిండర్ ఉంటుంది, తాళంచెవి దూరేది అందులోకే. తలుపు అంచున ఒకే ఒక్క పొడుగు స్క్రూ దాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ స్క్రూ విప్పి, తాళంచెవి కొద్దిగా తిప్పితే సిలిండర్ బయటికి వస్తుంది. అదే కొలతలో కొత్తది కొని పెట్టుకోవచ్చు. కొన్ని వందల రూపాయల ఖర్చు, పావుగంట పని. పాత సిలిండర్‌ను పారేయకండి. కవరులో వేసి, దాని తాళంచెవులతో సహా దాచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగించి ఇచ్చేయండి. మీ సొమ్ము మీతో వస్తుంది, ఓనరు సొమ్ము ఓనరుకు ఉంటుంది.

ఓనరు ఏమంటారో అన్న భయం ఉంటుంది, అది మాకు తెలుసు. చట్టం మనకు అంత వ్యతిరేకంగా లేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 108వ సెక్షన్ అద్దెకిచ్చేవారి, అద్దెకుండేవారి హక్కులు, బాధ్యతలు చెబుతుంది. ఒప్పందంలో వేరే మాట రాసుకోకపోతే, తాను బిగించుకున్నవాటిని తీసుకుపోవచ్చని, కాకపోతే ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పజెప్పాలని అందులో ఉంది. ఓనరు అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కట్టకూడదనీ ఉంది. సిలిండర్ శాశ్వత కట్టడం కాదు. అయినా చెప్పకుండా చేయకండి. "మా ఖర్చుతో మార్చుకుంటాం, వెళ్లేటప్పుడు మీది మీకు పెట్టిస్తాం" అని ఒక్క మాట చెప్పి, అదే మాట వాట్సాప్‌లో పంపండి. దానికి కాదనే ఓనరును మేం ఇంకా చూడలేదు. మేం ఆ రోజు అడిగి ఉంటే ఆయన కూడా కాదనేవారు కాదని ఇప్పుడు మా నమ్మకం.

ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక వాక్యం చేర్పించండి. ఎన్ని తాళంచెవులు ఇచ్చారు, ఓనరు దగ్గర ఎన్ని ఉంచుకున్నారు అన్నది అంకెల్లో. స్టాంపు కాగితం మీద గోడల రంగు గురించి రాయించుకుంటాం, ఫ్యాన్లు లెక్కపెట్టి రాయించుకుంటాం. తాళంచెవులు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

తర్వాత తాళం కప్ప సంగతి. తలుపు బయట పెద్ద కప్ప వేలాడదీస్తే ఇంటికి కాపలా ఉన్నట్టు మనకు అనిపిస్తుంది. దొంగకు అది 'ఇంట్లో ఎవరూ లేరు' అని రాసిపెట్టిన బోర్డు. పైగా కప్ప ఎంత లావుదైనా అది పట్టుకుని ఉన్న గొళ్లెం నాలుగు చిన్న స్క్రూల మీద ఉంటుంది. ఇనుప రాడ్డు దూర్చి ఒక్క ఊపు ఊపితే చెక్కతో సహా ఊడి వస్తుంది. కనుక వీలైతే బయటికి కనిపించని, తలుపు లోపలే పనిచేసే తాళం వాడండి. కప్పే వాడక తప్పదనుకుంటే, వడ్రంగిని పిలిచి ఆ స్క్రూలు తీయించి, తలుపుకు ఆ వైపు నుంచి ఈ వైపుకు వచ్చే బోల్టులు పెట్టించండి. బోల్టు గుండు తల బయటికి, నట్టు ఇంటి లోపలికి ఉండాలి. తిరగేసి బిగించిన ఇళ్లు కూడా చూశాం, దొంగకు పానా ఒక్కటి చాలు. బయట తలుపు మీద పరదా ఉంటే తాళం వేసిందీ లేనిదీ దూరం నుంచి తెలియదు. పరదాలు మన ఇళ్లల్లో ఎలాగూ ఉంటాయి, ఒకటి బయటికి వేయడానికి కష్టం లేదు.

ఫ్లాటు అంటే ముందు తలుపొక్కటే అనుకుంటాం. వంటింటి వెనక వాష్ ఏరియా తలుపు చూడండి, చాలాచోట్ల అది పల్చటి రేకుదో ప్లైవుడ్‌దో ఉంటుంది. డ్రైనేజీ పైపు పక్కనే ఉన్న బాత్రూం వెంటిలేటర్‌లో గాజు పలకలు చేత్తో లాగితే వచ్చేస్తాయి. జరిపే కిటికీలను పట్టాలోంచి పైకెత్తి తీసేయవచ్చు, కింది పట్టాలో సరిపడా కర్ర ముక్క పెడితే పక్కకు జరగవు. మిద్దె మీది తలుపు రాత్రి ఎవరు వేస్తున్నారో అడగండి. అందరూ ఎవరో వేస్తారనుకుంటారు.

రంజాన్‌లో మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తరావీహ్ వేళకు ఇంటిల్లిపాదీ వెళ్లే ఇళ్లున్నాయి. రోజూ అదే వేళ, అంతసేపే, నెల పొడుగునా. గమనించేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఒక గదిలో దీపం ఉంచండి. గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు వదలండి. ఇరుగుపొరుగు ఇళ్ల ముందు రోజూ ముగ్గు పడుతుంది, ఒకరోజు ముగ్గు లేకపోతే ఇంట్లో లేరని వీధికంతా తెలుస్తుంది. మన వాకిట్లో ముగ్గు ఉండదు కనుక ఆ ఆనవాలు లేదు. కానీ పాల ప్యాకెట్లు, పేపర్లు గుమ్మంలో పేరుకుపోతే అదీ ముగ్గు లాంటిదే. ఊరెళ్లే ముందు వాటిని ఆపించండి. ఉమ్రాకు వెళ్లేవారికి ఒక మనవి. దండలు వేయించుకోండి, దావత్ చేయండి, అందరి దువాలూ తీసుకోండి. విమానం ఎక్కుతున్న ఫొటో మాత్రం తిరిగొచ్చాక పెట్టండి.

ఎదుటి ఇంటికి మాత్రం చెప్పి వెళ్లండి. ఏ రోజు వస్తాం, ఈ మధ్యలో ఎవరూ రారు, వస్తే ఈ నంబరుకు ఫోను చేయండి అని. పండగకు సేమియా పంపినప్పుడు మాటలు కలుస్తాయి, ఆ పరిచయంలోనే ఇదీ చెప్పవచ్చు. మా పిన్నిగారు ఇప్పటికీ ఏ కొత్త మనిషి మా గుమ్మం ముందు నిలబడినా, మేం ఇల్లు మారినా సరే, ఆ ఫ్లాటులో ఉన్నవాళ్లకు ఫోను చేస్తారట.

మన రాష్ట్రంలో పోలీసు శాఖ ఎల్.హెచ్.ఎం.ఎస్. అని ఒక ఏర్పాటు పెట్టింది, తాళం వేసిన ఇళ్ల మీద నిఘా అన్నమాట. ఊరెళ్లేవారు యాప్‌లో నమోదు చేసుకుని తేదీలు చెబితే, పోలీసులు వచ్చి ఇంట్లో కెమెరా అమర్చుతారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. దానికి రుసుము లేదు. మీరున్న చోట అది ఇప్పుడు ఎలా నడుస్తోందో ప్రయాణానికి ముందే స్టేషన్‌కు వెళ్లి అడగండి. స్టేషన్ మెట్లెక్కడానికి మనవాళ్లు జంకుతారు. దొంగతనం అయ్యాక ఎక్కడం కన్నా ముందు ఎక్కడం సులువు, మేం రెండూ చూశాం.

ఒకవేళ జరగరానిది జరిగితే ఇంట్లో ఏదీ ముట్టుకోకండి. ఆడవాళ్లు కంగారులో బీరువా సర్దేస్తారని అంటారు, మా ఇంట్లో సర్దింది మేమే. క్లూస్ టీం వచ్చేసరికి వేలిముద్రలు తీసుకోవలసిన తలుపులన్నీ మా చేతులు పడి పాడయ్యాయి. 112కి ఫోను చేసి గుమ్మం బయట కూర్చోండి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం దొంగతనం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. ఫోను ద్వారానో కంప్యూటర్ ద్వారానో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. నివాసముండే ఇంట్లో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. కనుక 'తాళం పగలలేదు కదా' అని ఎవరైనా అంటే వెనక్కి రాకండి. తాళంచెవితో తీసి పట్టుకెళ్లినా అది దొంగతనమే.

ఫిర్యాదులో ఏం పోయిందో రాయమంటే మాకు చేయి ఆడలేదు. ఎన్ని గ్రాములు, ఏ నమూనా, ఎక్కడ కొన్నారు? మూట విప్పి కూడా చూడలేదు మేం. మీ నగలు ఒక్కొక్కటీ తెల్లగుడ్డ మీద పెట్టి ఫొటో తీసుకోండి, బిల్లులు దాచండి. కొత్త నగల మీద ఆరు అక్షరాలు అంకెలు కలిసిన హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని రాసుకోండి. దొరికిన సొమ్ము మీదేనని చూపించుకోవడానికి ఇవే ఆధారం.

లాకరు గురించి ఒక మాట. వడ్డీ భయంతో బ్యాంకు వైపే చూడని పెద్దలు మనలో ఉన్నారు, వారి పట్టుదల మీద మాకు గౌరవం ఉంది. లాకరుకు కట్టేది అద్దె, వడ్డీ కాదు. ఇంకా సందేహం ఉంటే ఇమాం సాహెబ్ గారు ఇక్కడే ఉన్నారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లాకరులో సొమ్ము దొంగతనం వల్లో అగ్నిప్రమాదం వల్లో పోతే, బ్యాంకు తన బాధ్యతగా ఏడాది అద్దెకు నూరు రెట్ల దాకా చెల్లించాలి. ఏడాదికి రెండు వేలు కడితే రెండు లక్షలన్నమాట. ఈనాటి బంగారం ధరకు అది ఎక్కువేమీ కాదు, అయినా చీరల మడత కన్నా నయం. ఇంకొకరి నగ మీ చేతికొస్తే ఆ రోజే తూకం, ఫొటో, ఇద్దరి సంతకాలతో కాగితం ఉండాలి. నమ్మకం లేకనా అని ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. సూరె బఖరాలో అప్పు రాసుకోమని అంత వివరంగా చెప్పింది మనకే కదా.

ఇక సంఘం వారికి ఒక విన్నపం. కుట్టుమిషన్లు, స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాం, సంతోషం. ఈ ఏడు రంజాన్‌కు ముందు ఒక వడ్రంగిని నాలుగు రోజులు కూలికి పెట్టుకుందాం. భర్త గల్ఫ్‌లో ఉండి ఒంటరిగా అద్దె వాటాల్లో ఉంటున్న చెల్లెళ్లకు, వితంతువులకు గొళ్లేల స్క్రూలు తీసి బోల్టులు వేయిద్దాం, అవసరమైన చోట సిలిండర్లు మార్పిద్దాం. ఖర్చు పెద్దది కాదు. తాళం వేసి వెళ్లే ఇళ్ల జాబితా తయారుచేసి మస్జిద్ బోర్డు మీద పెడదామని ఒక తమ్ముడు సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే అన్నాడు కానీ, వద్దు నాయనా, ఆ జాబితా మనకన్నా ముందు ఎవరు చదువుతారో ఆలోచించు. పేర్లు మాకు విడిగా చెప్పండి. టీ తర్వాత వరండాలో ఉంటాం, కొలత టేపు, నాలుగు రకాల సిలిండర్లు సంచిలో తెచ్చాం. మీ తాళంచెవి వెంట ఉంటే అదీ తీసుకురండి, ఏ రకమో చూసి చెబుతాం.